కొండగట్టు విందుల తర్వాత శామీర్‌పేట కట్ట మీద నడక

ఈ ప్రయాణానికి కారణం అంతకుముందు చేసిన ఇంకొక ప్రయాణం. వేసవి చివర్లో నాకు కొంపల్లి దగ్గర ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. మేడ్చల్‌లో ఇనుప సామాన్ల దుకాణం నడిపే మా బాపు, నాకు ఉద్యోగం రావాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకుని ఉన్నాడు. మొక్కు తీర్చాలి కాబట్టి సుమో మాట్లాడాడు. కొండగట్టు, వేములవాడ చూసుకుని, కరీంనగర్ దగ్గర అమ్మ పుట్టింట్లో నాలుగు రోజులు ఉన్నాం. ఏ ఇంటికి వెళ్ళినా మొదటి విస్తరి నాకు, రెండోది నా పక్కన అమ్మకు. గారెలు, నాటుకోడి కూర, బూరెలు, మళ్ళీ గారెలు. వద్దు అనే మాట నా నోట్లోనే ఉండిపోయేది. కాన్వెంటులో పెట్టింది తినమని, పిలిస్తేనే మాట్లాడమని నేర్పారు. ఆ రెండూ నాకు బాగా వచ్చాయి.

మామూలు విందులైతే తిన్నాం, అయిపోయింది అనుకునేదాన్ని. కానీ అమ్మకు షుగరు ఉంది. చలికాలంలో బయటపడింది. మేడ్చల్ డాక్టరమ్మ మాత్రలు రాసి, బరువు తగ్గాలి, రోజూ నడవాలి అని చెప్పింది. అమ్మ ఒక్కతే నడవనంది. "నువ్వు జేస్తె నేను జేస్త," అంది. పుస్తకం పట్టుకుని కూర్చుని కూర్చుని నేనూ బాగా లావయ్యాను కాబట్టి ఆ మాట నాకు తగిలింది. అప్పటి నుంచి ఇద్దరం జొన్నరొట్టె, ఆకుకూర, పొద్దున నడక. నాకు బరువు తగ్గుతూ వచ్చింది, ఆమెకు షుగరు దిగుతూ వచ్చింది. కొండగట్టు నుంచి తిరిగొచ్చాక బస్టాండులో రూపాయి వేసే బరువు యంత్రం మీద నిలబడ్డాను. తగ్గిందంతా దాదాపు తిరిగి వచ్చేసింది. చీటీ వెనక "మీ శ్రమ ఫలించును" అని అచ్చు వేసి ఉంది. అమ్మ ఆ యంత్రం దగ్గరకే రాలేదు. "ఇగ మనతోని గాదు బిడ్డా," అంది.

నేను ఆపితే ఆమె ఆపుతుంది. ఆమె ఆపితే ఏమవుతుందో డాక్టరమ్మ ముందే చెప్పింది: సోమవారం పరీక్షలో షుగరు ఎక్కువే ఉంటే ఇంక సూదులు మొదలు. అమ్మకు సూదులంటే మామూలు భయం కాదు. వాళ్ళ పెద్దమ్మకు సూదులు మొదలైన తర్వాత కాలు తీసేశారు. సూదుల వల్ల కాదని ఎన్నిసార్లు చెప్పినా అమ్మ మనసులో ఆ రెండూ ఒకటే. అందుకే సోమవారంలోపు ఆమెను మళ్ళీ నడిపించాలని నా తొందర. మేడ్చల్ వీధుల్లో నడిస్తే ప్రతి గడపా "ఎటు పోతున్నరు" అని అడుగుతుంది. ఎవరికీ తెలియని చోటు కావాలి. కరీంనగర్ నుంచి వస్తూ సాయంత్రం పూట సుమో కిటికీలోంచి శామీర్‌పేట చెరువు కట్ట చూశాను. పొడుగ్గా, ఖాళీగా, ఇద్దరు పశువుల కాపర్లు తప్ప ఎవరూ లేకుండా ఉంది. అక్కడికి వెళ్దాం అన్నాను. ఆదివారం పొద్దున అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోవడం నాకు కొంచెం ఆశ్చర్యమే అనిపించింది.

మీరు మేడ్చల్ వైపు నుంచి వెళ్ళాలంటే షేర్ ఆటోలే దిక్కు. చౌరస్తాలో ఆరున్నర నుంచి దొరుకుతాయి, మనిషికి పది రూపాయలు. నిండితే తప్ప కదలవు. దారిలో రింగురోడ్డు కోసం మట్టి పోస్తున్నారు, దుమ్ముకు ముక్కు మూసుకోవాల్సిందే. సికింద్రాబాద్ నుంచి అయితే కరీంనగర్ రోడ్డు మీద సిటీ బస్సులున్నాయి, అదే సుఖం. మా ఆటోలో అప్పటికే ఒక కుటుంబం కూర్చుని ఉంది. వాళ్ళ కాళ్ళ దగ్గర గంపలో రెండు కోళ్ళు, ఒక స్టవ్వు, మూటలో గిన్నెలు. డ్రైవరు మా చేతుల్లోకి చూశాడు.

"మైసమ్మకేనా మేడం? మేక గిట్ల ఏం లేదా?"

"నడవడానికి వెళ్తున్నాం," అన్నాను మెల్లగా.

"నడవనీకె ఆటోల పోతున్నరా?" అన్నాడు అతను. ఆటో అంతా నవ్వింది, కోళ్ళ గంప పట్టుకున్న ముసలమ్మతో సహా. నాకు చెవులు వేడెక్కాయి.

అమ్మ చెవి దగ్గర అడిగాను. "ఈ కోళ్ళేందమ్మా?"

"ఆదివారం గదనే. కట్టమైసమ్మ దినం. మందంత ఈడికే వచ్చి కోసుకొని వండుకుంటరు."

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే. జర దండం బెట్టుకుందమనుకున్న. చెప్తె నువ్వు రానంటవ్."

కట్ట దగ్గర దిగేసరికి ఏడున్నర దాటింది. వానలు ఇంకా పడలేదు. నీళ్ళు చాలా దూరంగా పోయి, ఒడ్డంతా నెర్రెలు విచ్చిన బురద. కొంగలు మాత్రం ఏమీ పట్టనట్టు నిలబడి ఉన్నాయి. నేను సుమోలోంచి చూసిన ఖాళీ కట్ట ఇది కాదు. చెట్టుకొక కుటుంబం, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి, పక్కన డీసీఎం వ్యాన్లు. ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు, మగవాళ్ళు మాంసం కొడుతున్నారు. గాలి ఎటు తిరిగినా అల్లంవెల్లుల్లి వేగుతున్న వాసనే. నా భయం ఆ వాసన కాదు, పిలుపు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా "రా బిడ్డా, ఒక ముద్ద తిని పో" అంటారు. అమ్మవారి దగ్గర వండింది వద్దంటే తప్పు అంటారు. అమ్మ మైసమ్మకు దండం పెట్టుకుంది. నేను నేల చూపులతో నడక మొదలుపెట్టాను.

కట్ట మీద సగం దూరం పోయాక అమ్మ కొంగు తల మీదికి లాక్కుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముందు చింతచెట్టు కింద కొత్త డీసీఎం వ్యాను, దానికి బంతిపూల దండ. పొయ్యి దగ్గర లచ్చమ్మత్త కూర్చుని ఉంది. ఆమె బాపుకు అక్క వరస, అల్వాల్‌లో ఉంటుంది. కొడుకు బండి కొన్నట్టున్నాడు, మైసమ్మకు మేకను ఇచ్చుకుంటున్నారు.

"వెనక్కి నడు," అంది అమ్మ. "మనల్ని జూస్తె తినేదాక ఇడ్సిపెట్టది. తినకుంటె ఎందుకంటది. ఎందుకో చెప్పినమా, అల్వాల్ల దండోర ఏస్తది."

షుగరు సంగతి మా ముగ్గురికీ, డాక్టరమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. బాపు అక్కచెల్లెళ్ళకు అసలే తెలియకూడదని అమ్మ పట్టు. రోగమొచ్చిన కోడలు అని ఆ ఇంట్లో ఎవరినో ఒకసారి అన్నారట. వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. మైసమ్మ గుడి వైపు మంది ఎక్కువయ్యారని గుడి దాటి, కట్ట రెండో కొస దాకా పోయాం. అక్కడ ఒక్క చెట్టు లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అనుకున్నదానికి రెండింతలు నడిచాం, నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. అప్పుడు అమ్మ ఆగి, "నువ్వు పో, నేను రాను," అని విసుక్కుంది. ఆమె ఎప్పుడూ నాతో అలా మాట్లాడదు. తిరిగి చూస్తే మొహమంతా చెమట. కట్ట రాయి మీద కూర్చుంది. నీళ్ళసీసా ఇస్తే చేతుల్లో నిలవలేదు, వేళ్ళు వణుకుతున్నాయి.

"అమ్మా, పొద్దున రొట్టె తిన్నవా?"

"కుక్కకేసిన."

"గోలి?"

"ఏసుకున్న." మాట ముద్దగా వచ్చింది. "రేపు బరువు జూస్తరు గద. ఒక్క పూట తినకుంటె ఏమైతది అనుకున్న."

మాత్ర వేసుకుని తినకుండా ఉండొద్దని, చెమటలు పట్టి వణుకు వస్తే ముందు తీపి పెట్టండి, మాటలు తర్వాత అని డాక్టరమ్మ చెప్పింది. నా సంచి తెరిచాను. ఒక పుస్తకం, రెండు కీరదోసకాయలు. ఎప్పుడూ అందులో ఉండే బిస్కెట్ల పొట్లం నేనే రాత్రి తీసి డబ్బాలో పెట్టాను, దారిలో ఇద్దరం తినేస్తామన్న భయంతో. ఆ కొసలో దుకాణం లేదు, మనిషి లేడు. అమ్మను రాయికి ఆనించి, కదలకు అని చెప్పి పరుగెత్తాను. గుడి దాకా వచ్చేసరికి కుంకుమ, కొబ్బరికాయల బండ్ల ముందు మనుషుల గోడ. ఎవరినైనా అడగాలి. అపరిచితులను ఏమని పిలవాలో కూడా నాకు తోచలేదు. నాకు పేరు తెలిసిన మనిషి ఆ కట్ట మీద ఒక్కరే ఉన్నారు.

లచ్చమ్మత్త నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. "ఎవలే, మా తమ్ముని బిడ్డవు గాదా? గట్ల ఉరికొస్తున్నవేంది, మేక గిట్ల పొడిసిందా?"

"అత్తా, బెల్లం ఉంటే జర ఇయ్యి."

"కూర కాకముందే బెల్లమేంది బిడ్డా? కూసో, నీళ్ళు తాగు. కొలువచ్చిందట గద, మాకు చెప్పనన్న చెప్పకపాయె మీ బాపు."

మర్యాద ప్రకారం కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, జీతం ఎంతో చెప్పాలి. చెప్పొద్దని అమ్మ పట్టుకున్న చెయ్యి ఇంకా నా మణికట్టు మీద ఉన్నట్టే ఉంది.

"అమ్మకు షుగరుంది," అన్నాను. పక్క పొయ్యి దగ్గరివాళ్ళు కూడా తలెత్తి చూశారంటే గట్టిగానే అన్నానేమో. "గోలి ఏసుకుని ఏం తినలే. ఆ కొసకు కూలబడ్డది. ఇప్పుడే తీపి కావాలె."

అత్త పక్కన పసుపు బొట్లు పెట్టిన బోనం కుండ, దాని ముందు గుడ్డలో బెల్లం ముద్ద ఉన్నాయి. ఆమె గుడ్డ విప్పింది. కోడలు భయపడింది. "అత్తమ్మా, అది అమ్మవారిది. ఇంక బోనమే ఎక్కియ్యలే."

"అమ్మవారు ఏడికి పోతది, ఈడనే ఉంటది. జర ఆగుతది," అంటూనే అత్త రాయితో బెల్లం పగలగొట్టి కొంగులో వేసుకుంది. "నడువు."

ఆ లావు మనిషి నాకంటే ముందు పరుగెత్తింది. అమ్మ రాయి మీద లేదు, కింద కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. అత్త ఆమె తల ఒళ్ళో పెట్టుకుని బెల్లం నలిపి కొంచెం కొంచెంగా పెదవుల మధ్య పెట్టింది. అమ్మ చప్పరించింది, మింగింది. నేను నీళ్ళు పట్టాను. ఎంతసేపు అయిందో చెప్పలేను. ఆమె నుదురు తుడుస్తూ, ఆ చెమట ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నాను. చివరికి అమ్మ కళ్ళు ఒకచోట నిలిచాయి. ముందు నన్ను, తర్వాత అత్తను చూసింది.

"నువ్వెందుకొచ్చినవ్ వదినె?"

"అమ్మవారి బెల్లం తిన్నవు, ఇగ నువ్వొక మేకను కోయాలె, అది చెప్పనీకె వచ్చిన," అంది అత్త. "షుగరుంటె దాస్తరానే? దొంగతనం జేసినవా?"

"నీకు తెలిస్తె ఊరంత తెలుస్తదని."

"తెలుస్తది మరి. ఊకుంటనా."

గుడి ముందు బండి దగ్గర వేరే బెల్లం కొని, బోనం ఎక్కించి, ఆ తర్వాతే అందరికీ విస్తళ్ళు వేశారు. ఈలోగా అమ్మకు రెండు అరటిపండ్లు, కొంచెం పెరుగన్నం పెట్టించాను. భోజనాల్లో అత్త గరిటె నిండా అన్నం తెచ్చింది. నేను అమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. "గీంత చాలు అత్తా. కూర నాలుగు ముక్కలు ఎయ్యి. గారెలు వద్దు. నాకు గూడ గంతనే."

"టీచరమ్మ అయినంక నోరొచ్చిందే," అంది అత్త. కానీ గరిటె వెనక్కి తీసుకుంది. కొండగట్టు ప్రయాణమంతటిలో నేను అనలేని మాట అంత చిన్నదని అప్పుడు తెలిసింది. కూర చాలా బాగుంది. అదీ రాయాలి.

తిరుగు ఆటోలో అమ్మ, మేడ్చల్ దగ్గరపడ్డాక, "మంది ముంగట చెప్పినవ్," అంది. "చెప్పిన," అన్నాను. ఇంక నడకకు రాదనే అనుకున్నాను. సాయంత్రానికి ఇంట్లో ఫోను మోగడం మొదలైంది. అల్వాల్ నుంచి కాకరకాయ రసం, బోయిన్‌పల్లి నుంచి మెంతులు, ఇంకెక్కడి నుంచో నేరేడు గింజల పొడి. అమ్మ అన్నింటికీ ఆఁ ఆఁ అంది. సోమవారం డాక్టరమ్మకు రొట్టె కుక్కకు వేసిన సంగతి తనే చెప్పింది. ఇద్దరం తిట్లు తిన్నాం. బరువు పెరిగింది, షుగరూ పెరిగింది. విందుల లెక్క ఇది, నెల చూద్దాం అంది డాక్టరమ్మ. సూదుల మాట వాయిదా పడింది, పోలేదు. మంగళవారం పొద్దున నేను లేచేసరికి అమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు పళ్ళెంలో రొట్టె, పక్కన మాత్ర, గడప దగ్గర చెప్పులు.

"ఇగో, సూడు. నీ ముంగటనే తింటున్న," అంది. "మల్ల కుక్కకేసిన్నని మందికి చెప్పకు."

మళ్ళీ మొదలుపెట్టడం అంటే తిన్నదానికి శిక్ష వేసుకోవడమని నేను అనుకున్నాను, నన్ను చూసి అమ్మ కూడా అనుకుంది. కట్ట మీద ఆమెను కిందపడేసింది కొండగట్టు గారెలు కాదు, ఆ గారెలకు ఒక్క పూటలో బదులు తీర్చాలన్న ఆత్రం. ఇప్పుడు మేడ్చల్ వీధుల్లోనే నడుస్తున్నాం. ఎటు పోతున్నరు అంటే అమ్మే ముందుగా, "షుగరుంది, నడుస్తున్నం," అంటోంది. నాకు ఇంకా భయం పోలేదు. ఆమె కొంచెం వెనకబడితే తిరిగి చూసి ముందు నుదురు చూస్తాను. శామీర్‌పేట కట్ట మీద నడవాలనుకునేవాళ్ళు ఆదివారం కాకుండా వేరే రోజు, ఎండ ఎక్కకముందు వెళ్ళండి. మీ పక్కన షుగరు మాత్రలు వాడే మనిషి ఉంటే, బయలుదేరే ముందు వాళ్ళు తినడం మీ కళ్ళతో చూడండి, సంచిలో ఒక బెల్లం ముక్క వేసుకోండి. నా సంచిలో అది పుస్తకం పక్కనే ఉంటుంది. అట్టకు చీమలు పట్టాయి, అయినా తీయలేదు.