కుందేలు, తాబేలు, మా చర్చి గంట

నా చేతి చలవ వల్ల మా చెల్లెలి పెళ్లికి ఊరు ఊరంతా ఏడ్చుకుంటా వచ్చింది. ఆనందబాష్పాలు అనుకునేరు. కాదు, రొమ్ము బాదుకునే ఏడుపు. ఇంత ఘనకార్యం చేసినోడు మా నందికొట్కూరు చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

కర్నూలులో ఇంజనీరింగు ముగించి, ఉద్యోగం దొరక్క, తలనిండా తెలివి పేరుకుపోయిన రోజులవి. పారే దారి లేని తెలివి నిలవ నీళ్లలాంటిది, దోమలు పుడతాయి. నాకు మాత్రం ఒక కంప్యూటరు భాష పుట్టింది. అందులో అక్షరం ముక్క ఉండదు. అన్నీ బొమ్మలే. కుందేలు అంటే వేగంగా, తాబేలు అంటే నెమ్మదిగా, గుండ్రని బాణం అంటే మళ్లీమళ్లీ చెయ్యి, ఎర్ర అరచెయ్యి అంటే ఆపు. బొమ్మల్ని వేలితో లాగి వరసగా పెడితే అదే ప్రోగ్రాం. అక్షరాల కాలం అయిపోయిందని కనపడినోళ్లందరికీ చెప్తా తిరిగినా.

మరి ఈ భాషను యాడ వాడాల? మా ఊరి చర్చి గంట దొరికింది. గంటకు మోటారు, మోటారుకు బోర్డు, బోర్డుకు ఒక పాత టాబ్లెట్టు తగిలించినా. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇంజనీరు మాత్రం వద్దన్నా పెడతాడు.

మా చిన్నాయన సంఘపెద్ద. టాబ్లెట్టు ఎగాదిగా చూసి, "రేయ్, ఈ బొమ్మల కింద పేర్లు రాయకూడదా?" అన్నాడు.

"బొమ్మకు భాషతో పని లేదు చిన్నాయనా. చైనావోడైనా చదువుతాడు."

"మన చర్చి గంట కొట్టేకి చైనావోడు ఏంటికొస్తాడ్రా?"

పాతకాలం మనిషని నవ్వి ఊరుకున్నా.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాల. మా ఊళ్లో ఆరాధనకూ పెళ్లికీ గంట గబగబా కొడతారు. ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బ కొడితే ఎవరో పోయినట్టు.

చిన్నాయన కూతురు రూతు పెళ్లి. పెళ్లికొడుకుది కడప. పొద్దున్నే కేకు కోసం నన్ను కర్నూలు పంపినారు. కేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగి వస్తాంటే ఫోను మోగింది.

"రేయ్, పాస్టరయ్య వచ్చె, పెళ్లికొడుకు వచ్చె. గంట ఎట్ల కొట్టించాల?"

"శానా సులువు చిన్నాయనా. కుందేలును లాగి గంట బొమ్మ పక్కన పెట్టు."

"కుందేలు యాడుండాది? ఈడ గాడిద ఉండాది."

"చెవులు పెద్దగా ఉండాయా? అదే కుందేలు!"

"గాడిదకు మాత్రం చిన్నగుంటాయా? సరే, దాని పక్కన కాళ్లొచ్చిన బన్ను ఒకటుండాది."

"అది తాబేలు! దాన్ని తాకొద్దు!"

"ముందే చెప్పల్ల కదరా. దాన్నే పెడితి. దాని ఎనక వడ గూడా పెడితి."

"వడా?"

"గుండ్రంగా ఉండాది, నడిమధ్య తూటు ఉండాది. వడ కాక ఏందది?"

వడ కాదు మహాప్రభో, మళ్లీమళ్లీ చెయ్యమని చెప్పే బాణం! ఫోనులో వినపడింది: ఠంగ్... చాలాసేపటికి ఇంకొకటి, ఠంగ్...

పెళ్లికి పోతా పిల్లిని చంకన పెట్టుకుపోయినోణ్ని విన్నాం. తాబేలును పెట్టి వచ్చినోణ్ని నేనే.

"చిన్నాయనా, చెయ్యి పెట్టు! బిరీన చెయ్యి పెట్టు!"

"పెట్టినా."

"ఆగిందా?"

"ఆగలే. ఇంగా గట్టిగా పెట్టల్నా?"

అప్పుడర్థమైంది. ఆయన టాబ్లెట్టు మీద పెట్టింది బొమ్మ చెయ్యి కాదు, సొంత చెయ్యి! ఆ వెడల్పాటి అరచేతి కింద నా భాష మొత్తం నలిగిపోతాండాది.

పక్క సీటులో పెద్దామె నా భుజం తట్టింది. "కుందేలు, తాబేలు, వడ అంటాండావు. హోటలా నాయనా, సర్కసా?"

నేను దిగేసరికి చర్చి ముందర జాతర. సేద్యం పనులు వదిలేసి మొగోళ్లు, కొంగు నోట్లో కుక్కుకుని ఆడోళ్లు. వీధి చివరి సుందరమ్మవ్వయితే పూలదండ చేతబట్టుకుని, ఎవరి కోసమో తెలియకపోయినా ముందుగానే శోకాలు మొదలుపెట్టింది. పెళ్లికొడుకు తల్లి జీపు తలుపు తెరిచి నిలబడింది.

"పెళ్లినాడు చావుగంటా! పదప్పా, కడపకు పోదాం. ఈ సంబంధం మనకొద్దు."

కేకు చిన్నాయన చేతిలో పెట్టి లోపలికి ఉరికినా. టాబ్లెట్టు చూస్తే ఏముంది? తాబేలు మీద తాబేలు, వడ లోపల వడ, కుందేలు అడ్రసే లేదు. ఆపే చెయ్యి ఏ మూల నక్కిందో! నేను కనిపెట్టిన భాష, నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. వెతుక్కుందామంటే అక్షరమే లేదాయె! ఠంగ్...

తెల్ల చీర, తలమీద ముసుగు, చేతిలో పూలగుత్తితో రూతు వచ్చింది. నన్ను పక్కకు నెట్టి గోడలోని ప్లగ్గు పీకేసింది. గంట ఆగిపోయింది. నేరుగా జీపు దగ్గరికి పోయి, "అత్తా, ఎవరూ పోలేదు, గంట చెడిపోయింది, అంతే. లోపలికి రా" అని చెయ్యి పట్టుకుంది. పెళ్లికొడుకు పకపకా నవ్వినాడు. కొడుకు నవ్వేసరికి ఆమె కూడా మెత్తబడి జీపు తలుపు మూసింది.

అప్పుడు సుందరమ్మవ్వ ముక్కు చీదుకుంటా అడిగింది. "ఎవరూ పోకపోతే ఈ దండ ఏం చేయాలమ్మా?"

"మా అన్నకెయ్యి అవ్వా," అనింది రూతు. "వాని ఇంజనీరింగు పోయింది."

అవ్వకు వినికిడి తక్కువ. పాపం, పోయింది నేనే అనుకుని దండ నా మెడలో వేసి, నా మొహం మీదే ఇంకో శోకం తీసింది.

ఆ దండతోనే, ఊరంతా చూస్తాండగా ప్రమాణం చేసినా: ఈ జన్మలో ఏ యంత్రానికైనా ఏదైనా చెప్పాల్సి వస్తే అక్షరాల్లోనే చెప్తాను. గుణింతంతో సహా చెప్తాను. ఒత్తులు పోకుండా చెప్తాను. అదీ ఎవరైనా అడిగితేనే!