నీడ తెల్లగా పడిన నాలుగు నిమిషాలు

ఉదయం 7 గంటల 20 నిమిషాలు. భావనపాడు తీరం, నీటి అంచుకు పద్నాలుగు మీటర్ల దూరం. ఎండలో కాంతి 40 లక్స్. పక్కనే, తెప్ప నీడలో 21,400 లక్స్. అంకెలు తారుమారుగా రాయలేదు. రెండుసార్లు సరిచూసుకున్నాను.

దయ్యాలనే కాదు, కొలతకు అందనిది దేన్నీ నేను నమ్మిన మనిషిని కాను. వీధి దీపాల కాంతి కొలవడం నా ఉద్యోగం. వెలుతురు లేకపోవడమే నలుపు. బజారులో నల్ల లైటని అమ్మేది కూడా కంటికి ఆనని అతినీలలోహిత కాంతి మాత్రమే.

మా అక్క భర్త అప్పన్న బావకు సముద్రంలో చేపల వేటే బతుకు. తెప్పను నీళ్లలోకి దించే ముందు వాళ్లమ్మ, అంటే మా అత్త, దాని నీడలో పాదం పెట్టి చూస్తుంది. ఇసుక చల్లగా ఉంటేనే దిగమంటుంది. ఆ ఉదయం పాదం పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఒరే అప్పన్నా, ఆగు. నల్లెలుతురు కాస్తన్నాది. నీడలో ఇసక కాలిపోతన్నాది, సూడు."

బావ నవ్వి నా వైపు తిరిగాడు. "ఏటి బావా, సదువుకున్నోడివి. నల్లెలుతురంటూ ఉంటాదేటి?"

"ఉండదు బావా. ఎల్లిరా," అన్నాను.

"ఇన్నావేటే అమ్మా? ఇంజినీరు సెప్పేసినాడు!"

7:15కి తెప్ప అల దాటింది.

అత్తకు నచ్చజెబుదామని సంచిలోంచి మీటరు తీశాను. ఒడ్డున ఉన్న మరో తెప్ప నీడలో పెట్టాను. మొదట అంకె చూశాను. తరువాత ఇసుక చూశాను. చుట్టూ ఎండలో ఇసుక బొగ్గుపొడిలా ఉంది. మీటరు పట్టుకున్న నా చేతి నీడ మాత్రం దాని మీద తెల్లగా, అయిదు వేళ్లతో, స్పష్టంగా పడింది. ఆకాశంలో మబ్బు లేదు. 7:24కి అంతా మామూలైంది.

బావకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు.

9:05కి మరో తెప్ప వాళ్లు బావ తెప్పను తాడు కట్టి లాక్కొచ్చారు. వల ఎక్కడ వదిలేశాడో తెలియదన్నాడు. నా భుజం కోసం తడుముకుంటూ దిగాడు. నెత్తిన ఎండ మండిపోతోంది.

"మబ్బెక్కేసినాదేటి బావా?" అన్నాడు.

మూడు ఆసుపత్రులకు తిప్పాం. కళ్లలో లోపమేమీ లేదన్నారు. మీటరును ప్రయోగశాలకు పంపితే సరిగానే ఉందని రాసిచ్చారు. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఫోనుతో తీసిన ఫోటోల్లో నీడలు నల్లగానే ఉన్నాయి. నోటు పుస్తకంలో అంకెలు అలాగే ఉన్నాయి. వాటికి కారణం నేను ఇప్పటికీ చెప్పలేను.

పోయినవి: వల ఒకటి. అమ్మేసిన తెప్ప ఒకటి. బావ రెండు కళ్లు. అత్త నాతో మాట్లాడే మాట.