జలపాతం దగ్గర పది నిమిషాలు

ఎదురింటి టీచరుగారు నిద్రలోనే పోయారని మొన్న గురువారం పొద్దున వాచ్‌మన్ చెప్పాడు. పంజగుట్ట ఆఫీసుకు బయల్దేరి లిఫ్టు ముందు నిలబడి ఉన్నాను. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. నేను ఎక్కలేదు.

అమీర్‌పేటలో పదకొండేళ్లు మా గుమ్మాలు ఎదురెదురు. ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యారావిడ. పొద్దున్నే పాలప్యాకెట్లు తీసుకుంటూ, నిన్న ఎక్కడ వాన పడిందో నాకు చెప్పేవారు. కేరళలో, అస్సాంలో, నేనెప్పుడూ పేరు వినని ఏదో దీవిలో. దగ్గరి చుట్టాల కబుర్లలా ఉండేవి. ఆవిడ మాత్రం పెద్దగా ఎక్కడికీ వెళ్లింది లేదు. రెండేళ్ల కిందట ఒకరోజు గుమ్మంలోనే ఆపి, శ్రీలంక టూరుకి తోడు వస్తావా అని అడిగారు.

నలభై మందిమి, అందరికీ నారింజ రంగు టోపీలు. వంటమనిషి హైదరాబాదు నుంచే వచ్చాడు కాబట్టి, కొబ్బరిచెట్ల కింద సముద్రానికి వీపు పెట్టి గోంగూర పచ్చడి తిన్నాం. ఏనుగుల్ని కదులుతున్న బస్సులోంచి చూశాం. రత్నాల దుకాణంలో మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టారు. ఒక గుడి దగ్గర నారింజ టోపీల గుంపే ఇంకొకటి ఎదురైంది. మాలో ఒకాయన వాళ్ల బస్సెక్కాడు, వాళ్లలో ఒకాయన మా బస్సులో నిద్రపోయాడు. తలలు లెక్కపెడితే సరిపోయాయి, అందుకని భోజనాల దాకా ఎవరికీ తెలియలేదు. టీచరుగారు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నారు.

నాలుగో రోజు కొండ మీద జలపాతం. బస్సు దిగితే అంతా తెల్లటి పొగమంచు, అందులో ఎక్కడో నీటి హోరు. టూర్ మేనేజరు పది నిమిషాలే అన్నాడు. అక్కడ జలపాతం బొమ్మ ఉన్న బోర్డు చూపించి, దాన్ని ఫొటో తీసుకోండి, మంచిగ వస్తది అన్నాడు. వరసలో నిలబడి అందరం బోర్డుకు ఫొటోలు తీశాం. నేనూ తీశాను.

విజిల్ వేశాడు. టీచరుగారు ఒక బండ మీద కూర్చుని లేవలేదు. ఇంకో దుకాణం ఉందమ్మా, ఆలస్యమైతదని అతను బతిమాలాడు. బస్సులోంచి సణుగుళ్లు. నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. మెల్లగా నన్నే పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బాబూ, వాన గురించి ముప్పై ఏళ్లు పుస్తకం చూసి చెప్పాను. పటంలో నీలం రంగు ముట్టుకుంటే చెయ్యి తడవదు. కాసేపు ఉండనివ్వండి" అన్నారు మేనేజరుతో.

పంజగుట్టలో బట్టలు కుట్టే భాయ్ ఒకాయన మాతో వచ్చాడు. అతను బస్సు దిగి, "జర ఆగుదాం అన్నా. దుకాణం యాడికి పోతది" అని బండకు ఆ చివర కూర్చున్నాడు. తర్వాత అతని భార్య దిగింది. తర్వాత ఒక్కొక్కరే. చివరికి మేనేజరు విజిల్ జేబులో వేసుకుని తనూ చతికిలబడ్డాడు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తొందరపడి ఆవిణ్ణి లాగేసి ఉంటే ఆ మధ్యాహ్నం నాకు ఉండేదే కాదు.

పొగమంచు ఒకచోట పలచబడింది. ఆకాశానికీ నేలకీ అంటకుండా, ఒక తెల్లటి నీటి పాయ గాలిలో వేలాడుతూ కనిపించింది. టీచరుగారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని మొహం పైకెత్తారు. తుంపర వచ్చి ఆవిడ కనురెప్పల మీద చిన్న చిన్న బొట్లుగా నిలిచింది. ఆవిడ తుడుచుకోలేదు.