మట్టి కాళ్ల గుడ్డ ఎద్దులు

గౌనులు, జాకెట్లు ఎలా కుట్టాలో చెప్పే పుస్తకాలు మా ఆదోని లైబ్రరీలో దొరికినన్ని చదివాను. బడి చదువు మధ్యలోనే ఆగిన నాకు కొలతల లెక్కలూ, కత్తిరింపులూ అక్కడి బల్ల మీదే వచ్చాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వమే. కానీ గుడ్డతో చేసిన ఎద్దు నాలుగు కాళ్ల మీద ఎలా నిలబడుతుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని ఒక హమాలీ, నేను కలిసి కనిపెట్టాం. రాసి పెట్టకపోతే మా ఇద్దరితోనే పోతుందని ఇప్పుడు రాస్తున్నాను.

2024 జూన్ నెల. మార్కెట్టుకు పత్తి పెద్దగా రాని కాలం. ఆడవాళ్ల బట్టలు కుట్టే నా చిన్న అంగడికి ఒక మధ్యాహ్నం ఈరన్న వచ్చాడు. మార్కెట్టు హమాలీగా పత్తి నింపిన బోరేల, అంటే గోనె సంచుల, మూతులను దబ్బనంతో, పురికొసతో కుట్టడం అతని పని. భార్య జాకెట్లు తెచ్చి ఇచ్చే మనిషే కాబట్టి నాకు తెలుసు. ఆ రోజు మాత్రం చేతిలో జాకెట్టు గుడ్డ లేదు.

ఏరువాక పున్నమి తర్వాత వచ్చే అమావాస్యను మా వైపు మట్టెద్దుల అమావాస్య అంటారు. బంకమట్టితో ఎద్దుల జత చేసి పూజిస్తారు. పూజయ్యాక అవి పిల్లల ఆటకు. ఎమ్మిగనూరులో ఉన్న తన చెల్లెలు లక్ష్మీదేవి పిల్లలు శ్రావణికీ తేజకూ ఈరన్న ఏటా ఆ జత పట్టుకుపోయేవాడు. నిరుడు బస్సు కుదుపులకు ఒక ఎద్దు కొమ్ము, ఇంకోదాని కాలు విరిగాయి. ఐదేళ్ల తేజ వాటిని ముట్టుకోలేదు. ఈరన్న వాణ్ని ఊరుకోబెట్టడానికి, వచ్చే ఏడు విరగని గుడ్డ ఎద్దులు కుడతానని అందరి ముందూ మాటిచ్చాడు. అది మగ్గాల ఇల్లు. పోగు చూసి మనిషిని అంచనా కట్టే ఇల్లు. చెల్లెలి అత్త సుంకమ్మ నవ్వి, ఎద్దులకు కూడా బోరేనికి కుట్టినట్టు మూతి కుట్టి పంపుతాడేమో అందట. ఇల్లంతా నవ్వింది. తేజ మాత్రం నమ్మాడు. అప్పటినుంచి ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాడట, "మామా, ఎద్దులు పుట్టినాయా?" అని.

నాకు జాలేసింది. మిగులు గుడ్డలు ఉన్నాయి, ఒక పూటలో నేనే కుట్టిస్తాను, ఒకటి రెండు కుట్లు నువ్వు వేసి నీ పేరు చెప్పుకో అన్నాను.

ఈరన్న తల అడ్డంగా ఊపాడు. "కుట్టిస్తానని అనలేదు షంషాదక్కా. కుడతానంటి."

ఆ రెండు మాటలకూ తేడా రోజూ కుట్టే నాకు తట్టలేదు. సరే రమ్మన్నాను.

లైబ్రరీలో గుడ్డ బొమ్మల పుస్తకం ఉంది. అందులో ఏనుగు పేటర్న్, అంటే గుడ్డ మీద పెట్టి కత్తిరించే కాగితం అచ్చు, దొరికింది. తొండం తీసేసి మూపురం పెట్టి ఎద్దుగా మార్చానని మురిసిపోయాను. ఈరన్న అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎద్దు కాదక్కా. బాగా తినిన కుక్క."

గంగడోలు, కొమ్ముల వంపు అతనే గీశాడు. గుడ్డ ఎమ్మిగనూరు మగ్గం మీదదే, నా దగ్గర మిగిలిన తెల్లటి దళసరి ముక్క.

సూది చిన్నది, అతని వేళ్లు పెద్దవి. అలవాటు చొప్పున దారం బిగించి లాగితే గుడ్డంతా కుచ్చిళ్లు పడింది. విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. వంపుల దగ్గర నాచ్‌లు, అంటే కుట్టు దాకా పోని చిన్న కత్తెర గాట్లు, పెట్టకపోతే తిరగేసినప్పుడు మెడ ముడుచుకుపోతుందని చూపించాను. అది నేర్చుకున్నాడు. తర్వాత పత్తి కూరడంలో బోరేన్ని తొక్కినట్టు తొక్కితే పొట్ట పక్కన కుట్టు పిగిలింది. అంగట్లో ఉన్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎద్దు బాగా మేసిందని అతను కూడా నవ్వాడు.

చివరికి జత తయారైంది. చూడ ముచ్చటగా ఉంది. బల్ల మీద పెడితే రెండూ పక్కకు పడిపోయాయి. కాళ్లలో పత్తి ఇంకా కూరాం, పుల్లలు పెట్టాం. అయినా పడ్డాయి. అమావాస్య దగ్గరికొచ్చింది. ఈరన్న మొహం చూడలేకపోయాను. పడుకున్న ఎద్దులని చెబుదామన్నాను.

"పడుకున్న ఎద్దుతో వాడు సేద్యమెట్ల సేస్తాడక్కా?" అన్నాడు.

అప్పుడు తట్టింది. కర్టెన్లు కుట్టేటప్పుడు అంచు మడతలో బరువు పెడతాం, గుడ్డ ఎగరకుండా. కాళ్లకు అడుగున అలాగే పెడితే? ఇసుక తెమ్మన్నాను. మరుసటి రోజు అతను ఇసుక తేలేదు. ఆలూరు దగ్గర తమ చేనుకు పోయి నల్లమట్టి తెచ్చి, ఎండబెట్టి, జల్లించి పట్టుకొచ్చాడు. పత్తి పండే మట్టి అది. ఒక్కో కాలికి అడుగున చిన్న సంచి పెట్టాలి, పొడి రాలకూడదు. నా మిషన్ కుట్టులోంచి సన్నగా రాలింది. ఈరన్న బోరేం మూతికి వేసే కుట్టే, దారాన్ని అంచు మీదుగా తిప్పి ముడిలా బిగించే కుట్టు, వేశాడు. ఒక్క రేణువు రాలలేదు. ఎద్దులు నిలబడ్డాయి.

అమావాస్య నాడు నన్ను కూడా ఎమ్మిగనూరు తీసుకుపోయాడు. తేజ గుమ్మంలోనే సంచి లాక్కున్నాడు. ఎద్దుల్ని బండ మీద పెట్టి తోశాడు. ఊగి, మళ్లీ నిలబడ్డాయి. శ్రావణి ఒకదాని మెడకు ఎర్ర పోగు కట్టింది.

సుంకమ్మ వచ్చి ఒక ఎద్దును తిరగేసింది. వేలితో కుట్టు వెంట పోయింది. కాళ్ల దగ్గర వేలు ఆగింది. "బాగుండాయి గానీ, ఇది మట్టెద్దుల పండగప్పా. పూజకెట్ల పెట్టేది? మన్ను యాడుంది దీంట్లో?" అంది.

మేం బరువు గురించి ఆలోచించామే గానీ పూజ గురించి ఆలోచించలేదు.

ఈరన్న మెల్లగా అన్నాడు. "కాళ్లల్లో ఉందత్తా. నీ కోడలి పుట్టింటి సేని మన్ను."

సుంకమ్మ ఎద్దు కాలిని వేళ్లతో నొక్కి చూసింది. లోపల మట్టి కరకరలాడింది. కోడలికి అందించింది. లక్ష్మీదేవి కూడా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, ఏ మడిదని అన్నను అడిగింది. బావి పక్కదని అతను చెప్పాడు. సుంకమ్మ పసుపు, కుంకుమ తెచ్చి, మూపురాలకు బొట్టు పెట్టి, దేవుని గూట్లో నిలబెట్టింది. పూజ ముగిసేదాకా తేజ వాటి మీద నుంచి కన్ను తీయలేదు.

ఇప్పుడు ఎవరైనా పిల్లలకు తమ చేత్తోనే ఏదైనా కుట్టాలని నా దగ్గరికి వస్తే, సూది ఇవ్వకముందు రోజూ ఏం పని చేస్తారని అడుగుతాను. ఆ చేతికి ముందే తెలిసిన పనిని గుడ్డలో ఎక్కడ వాడుకోవచ్చో వెతుకుతాను. కుట్టిస్తాను అనే మాట అంత తొందరగా అనను.

బొమ్మల పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గర ఉండనిచ్చిన లైబ్రరీ వెంకటేశులు సారుకు, కొమ్ములకు నల్లగుడ్డ ఇచ్చిన మా వదిన రజియాకు, నన్ను సొంత మనిషిలా కూర్చోబెట్టి అన్నం పెట్టిన లక్ష్మీదేవికి, ఎర్ర పోగు కట్టిన శ్రావణికి, అడగాల్సిన ప్రశ్న అడిగిన సుంకమ్మకు, నా అంగడి గోడకు తన పాత దబ్బనం తగిలించి పోయిన ఈరన్నకు నా కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా, ఎద్దులు పుట్టినాయా అని ఏడాది పొడుగునా అడుగుతూనే ఉన్న తేజకు.