ఏడురాళ్ల దుద్దులో కొత్త రాయి

నా చిన్నప్పుడు, అంటే మా పొలాలన్నీ చేతులు మారి ఇంటిపేరు ఒక్కటే పాతగా మిగిలిన రోజుల్లో, మా నాయనమ్మ చెవులకు ఏడురాళ్ల వజ్రాల దుద్దులు ఉండేవి. నడుమ ఒక రాయి, చుట్టూ ఆరు. అంత తెల్లటి రాళ్లు గోదావరికి ఈవల ఇంకెవరికీ లేవని బడిలో చెప్పుకునేదాన్ని. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మా ఇంటివి గనక అలాగే ఉంటాయని నమ్మకం.

ఒక వేసవిలో కుడి దుద్దు అంచు రాయి ఊడిపోయింది. నూతి గట్టంతా వెతికాం, ఇల్లు ఊడ్చిన చెత్త జల్లెడ పట్టాం. దొరకలేదు. పది రోజుల్లో మండపేటలో పెళ్లి, అదీ మా పొలాలు కొనుక్కున్న రైసుమిల్లు వారింట్లో. రాయి లేని బోసి గూటితో వెళితే, చివరికి దుద్దుల్లో రాళ్లు కూడా మిగల్లేదని నలుగురూ చెవులు కొరుక్కుంటారని నా భయం. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రి బస్సెక్కింది.

రాళ్లు కూర్చే ఆచారిగారు తెల్ల కాగితం మడతలో నాలుగు రాళ్లు చూపించారు. ఒకటి నీటిచుక్కలా ఉంది. కొట్లో అందరికీ వినపడేలా, "అదే ఇవ్వండి. మా ఇంటి రాళ్లు అలాంటివేనండి" అన్నాను. ఆచారిగారు నాయనమ్మ వంక చూశారు. ఆవిడ పాత రాళ్లలో ఒకటి గూట్లోంచి తీయమంది.

ఆ రెండిటినీ కాగితం మడతలో బోర్లా పెట్టి, ఎండ పడని గుమ్మం దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. పైనుంచి చూస్తే తళుకే కనపడుతుందట, తిరగేసి పక్కనుంచి చూస్తేనే రంగు తెలుస్తుందట. రెండిటి మీదా నోటితో ఆవిరి ఊదింది. మెరుపు ఆగిన ఆ క్షణంలో కొత్తది తెల్లగా ఉంది. మాది లేత పసుపు.

నాకు ఏడుపొచ్చింది. మనల్నెవరో మోసం చేశారన్నాను.

"ఎవరూ చేయలేదే. ఈ రంగు మీ తాతయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. బంగారంలో కూర్చాక ఆ పసుపు అందులో కలిసిపోతుంది. తెలియంది నీకే. అడిగితే చెప్పేదాన్నిగా" అంది.

అయినా తెల్లదే కొనమని మొండికేశాను.

"అదొక్కటీ వెలుగుతుంది, మిగతా ఆరూ మాసినట్టుంటాయి. ఒక్కదాని గొప్ప కోసం ఆరింటిని చిన్నబుచ్చమంటావేంటే?"

మిగిలిన మూడు రాళ్లనూ ఒక్కొక్కటే పాతదాని పక్కన పెట్టి చూసింది. ఏది పాతదో ఏది కొత్తదో తనకే తెలియకుండా పోయినదాన్ని ఎంచుకుంది.

పెళ్లిలో మిల్లు వారి పెద్దావిడ ఎదురొచ్చి, ముందు చెవుల వంకే చూసింది. "ఏడూ అలాగే ఉన్నాయండి పిన్నిగారూ" అంది. హమ్మయ్య అనుకున్నాను.

"లేదండి, ఒకటి పోయింది. కొత్తది వేయించాను. ఏదో చెప్పండి చూద్దాం" అంది నాయనమ్మ.

నాకు తల తీసేసినట్టయింది. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని, నాయనమ్మ చెవి పట్టుకుని మరీ వెతికింది. తెలుసుకోలేకపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. భోజనాల దగ్గర నాయనమ్మను తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

ఇప్పుడు మా బంధువుల పిల్లలు రాళ్ల ఫొటోలు ఫోన్లో పంపి, ఏది కొనమంటారని అడుగుతుంటారు. షాపు లైట్ల కింద అన్నీ తెల్లగానే ఉంటాయి, కాగితం మడతలో బోర్లా పెట్టి నీడపట్టున చూడమంటాను. బంగారంలో కూర్పిస్తారా, ప్లాటినంలోనా, పక్కన ఏ రాళ్లుంటాయని అడుగుతాను. వాళ్లకి అంత వరకు చాలు.

నాయనమ్మ దగ్గర్నుంచి నాకోసం నేను ఉంచుకున్నది వేరే. మా వంశం మాటొస్తే నా వెన్ను ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. దాన్ని వంచవలసిన పని నాకు కనపడలేదు. కాకపోతే మాకు ఏమేం పోయాయో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. నేనే ముందు చెబుతాను.