అద్దె సర్వర్, మునిరాజు ఉద్యోగం

ఇది సింహాసనాలు కదిలిన కథ అని మొదలుపెట్టాలని చాలా ఆశ. కదలబోయింది ఒక ఆపరేటర్ కుర్చీ, అంతే. 2009లో నేను హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక విడిభాగాల ఫ్యాక్టరీకి సిస్టమ్స్ ఆఫీసర్‌ని. మేనేజర్‌కు కింద, ఆపరేటర్‌కు పైన; ఇద్దరి తిట్లూ అందే ఎత్తు.

స్టోర్సు లెక్కలు నడిపే సర్వర్ ముసలిదైంది. కొత్తది కొనాలా, లేక క్లౌడ్‌లో, అంటే వేరే కంపెనీ యంత్రాన్ని ఇంటర్నెట్ మీదుగా, అద్దెకు తీసుకోవాలా తేల్చమని మేనేజర్ కృష్ణప్ప నాకు అప్పగించారు. అద్దెకు పోతే సర్వర్ రూము మూత. ఆపరేటర్ మునిరాజుకు కృష్ణగిరి డిపోకు బదిలీ. అతని భార్య ఉద్యోగం, పిల్ల బడి హోసూరులోనే.

“ఆడికి పోయి మూటలు లెక్కబెట్టల్లా సార్ నేను? అద్దె రేటు రవంత ఎక్కువేసి రాయి, నీ చెయ్యేమీ అరిగిపోదు” అనేవాడు.

ఎక్కువేసి రాయకుండానే, ఉన్న రేట్లకే తల తిరిగింది. ఒక కంపెనీది గంట అద్దె, ఇంకోదానిది నెలకు ఒకే మొత్తం. డేటా బయటికి తెచ్చుకుంటే మొదటిది విడిగా వసూలు చేస్తుంది, రెండోది కొంతవరకు అద్దెలోనే కలుపుతుంది. రాయకోట రైతు కుటుంబం నుంచి వచ్చిన కృష్ణప్ప ఒక్క మాటలో తేల్చేశారు.

“గంట లెక్కే చవకప్పా. మనది పగటి షిఫ్టే కదా. ట్రాక్టరు మాదిరి, దున్నినంతసేపే దుడ్డు.”

ఒక నెల పరీక్షకు తీసుకున్నాం. మునిరాజు సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. సామాను అంటే టిఫిన్ డబ్బా, స్క్రూడ్రైవర్.

నెలాఖరు బిల్లు మా అంచనాను ఎక్కడో వెనక వదిలేసింది. కృష్ణప్ప కేకకు స్టోర్సు కప్పు మీది పావురాలు లేచాయి. అవి మామూలుగా కూడా లేస్తాయి.

“సాయంత్రం ఎందుకు ఆపలేదు?”

“ఆపితే మళ్లా లేస్తాదని ఎవురికి తెలుసు సార్? మన సర్వర్‌ని ఎప్పుడన్నా ఆపినామా?” అన్నాడు మునిరాజు.

ఆపలేదు, నిజమే. కరెంటు కోతకు ఒకసారి పడుకుంటే లేచేది కాదు గనుక, బ్యాటరీలు మార్చి మార్చి నిలబెట్టేవాళ్లం. ముట్టుకోకపోవడమే దాని సేవ. అద్దె యంత్రానికీ అదే మర్యాద చేశాం. ఎవరూ వాడని రాత్రుళ్లూ ఆదివారాలూ అది నడిచింది, దాంతో మీటరూ నడిచింది.

“చేలో ఊరికే నిలబెట్టిన ట్రాక్టరుకు బాడుగ కట్టినానే! ఏం మనుషులప్పా మీరు!”

అద్దె యంత్రాన్ని పొద్దున లేపి, సాయంత్రం ఆపడానికి ఒక మనిషి కావాలని నివేదికలో చేర్చాను. ఆ పనీ, స్టోర్సులో ఎంట్రీలూ కలిపి మునిరాజుకే ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. కృష్ణగిరి తప్పింది. అతను నాకు థాంక్స్ చెప్పలేదు, పని పెరిగిందన్నాడు.

నేను నేర్చుకున్నది ఇది: ధరలు పోల్చేటప్పుడు రేటు ఎంతో అడిగే ముందు, మీటరు ఎప్పుడు ఆగుతుందో అడగాలి. యంత్రాన్ని ఆపినా, లెక్కలు దాచిన దాని డిస్కుకు అద్దె పడుతూనే ఉంటుంది.