మా గేటుకు కట్టిన బోర్డు

నాకు డెబ్బై ఒకటో ఏడు. నంద్యాలలో మా ఇంటి కారు చార్జరును బయటివాళ్లకూ అద్దెకిస్తాం. 'చార్జింగు మాత్రమే, బాత్రూం అడగరాదు' అని గేటుకు నేనే బోర్డు కట్టాను. మే పదో తేదీన కారు చార్జింగుకు వచ్చిన ఒకామె బాత్రూం ఎక్కడని మెల్లగా అడిగింది. నేను బోర్డు చూపించాను. ఆమె యాభై నిమిషాలు కారు పక్కనే ఇబ్బందిగా నిలబడింది.

సరిగ్గా పదహారు రోజులకు కడప నుంచి వస్తుంటే ఆళ్లగడ్డ దగ్గర మా కారులో చార్జింగు అడుగంటింది. మా ఆయన ఫోనులో వెతికి, చార్జరున్న ఒక ఇంటికి తీసుకెళ్లారు. షుగరు మనిషిని, అప్పటికే ఆపుకోలేకపోతున్నాను. తలుపు తీసింది ఆ రోజు నేను బోర్డు చూపించిన ఆమే. నా అవస్థ ఆమెకు అర్థమైంది.

"లోపలికి రామ్మా, బాత్రూం ఈడుంది. మా గేటుకు బోర్డేం లేదులే" అనింది.

ఇంటికి రాగానే బోర్డు తీసేశాను. రోజూ తప్పకుండా రాసే డైరీలో మే ఇరవై ఆరో తేదీ మాత్రం, సిగ్గుతో రాయలేక, ఖాళీగానే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.